గడియ వేసిన కొండ

తలుపుల మేస్త్రి తలుపులు తప్ప మరేదీ చేయడు. కుర్చీ కాలు విరిగిందని ఎవరైనా వస్తే వీధి చివర ఉన్న మరో వడ్రంగిని చూపిస్తాడు. కిటికీ చేయమంటే ముఖం ముడుచుకుంటాడు. కిటికీ అతని దృష్టిలో మనిషి దూరడానికి వీల్లేని తలుపు, అంటే సగంలో ఆపేసిన పని. మేడ మీద ఇల్లు, కింద కార్ఖానా. కార్ఖానాలో ద్వారబంధాలు ఒకదాని వెనక ఒకటి నిలబెట్టి ఉంటాయి. అతనితో మాట్లాడాలంటే వాటన్నిటిలోంచి నడిచి వెళ్లాలి. అతని దగ్గరకు చేరేసరికి, ఎవరెవరి ఇళ్లలోకో ప్రవేశించి పలకరించకుండా బయటపడిన మనిషి ముఖంలో ఉండే తికమక వచ్చినవాళ్ల ముఖాల్లో కనిపిస్తుంది.

పని మీద అతనికున్న శ్రద్ధను గుణంగా ఎంచాలా, జబ్బుగా ఎంచాలా అన్నది తేల్చడం కష్టం. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. అతను బిగించిన తలుపును సగం తెరిచి వదిలేస్తే సగంలోనే నిలుస్తుంది. తనంతట తాను మూసుకోదు, తెరుచుకోదు. లోకంలో చాలా తలుపులకు ఆ నిబ్బరం లేదు. తలుపులు చేసినవాడికి కూడా లేదు.

అతని లోపం రాత్రిపూట బయటపడుతుంది. భోజనం అయ్యాక గడియ వేస్తాడు. పడుకున్నాక లేచి, చీకట్లో గోడ తడుముకుంటూ వెళ్లి, వేసిన గడియను తీసి మళ్లీ వేస్తాడు. కంటితో చూస్తే చాలదు, చేత్తో తాకితే చాలదు. ఇనుము ఇనుములోకి దిగిన చప్పుడు చెవిన పడాలి. తిరిగొచ్చి, ఉలిక్కిపడి లేచి కూర్చున్న భార్యతో “ఏం లేదు, పడుకో” అంటాడు. ఆ మాట అన్న మరుక్షణం అతను నిద్రపోతాడు. ఆమె నిద్రపోదు. కాసేపటికి అతనికి మెలకువ వస్తుంది. ఇందాక తీసి వేశాడా, తీసి ఊరుకున్నాడా? మళ్లీ లేస్తాడు, మళ్లీ చప్పుడు, మళ్లీ “ఏం లేదు, పడుకో.” తెలియడానికీ నమ్మడానికీ మధ్య దూరం ఎంత అన్నదాని మీద పండితులు చాలా గ్రంథాలు రాశారు. మేస్త్రి ఇంట్లో ఆ దూరం మంచానికీ తలుపుకీ మధ్య ఉంది. అతను దాన్ని రోజూ నడుస్తాడు.

పెళ్లైన కొత్తలో భార్య దీన్ని బాధ్యత అనుకుంది. తర్వాత అలవాటు అనుకుంది. ఇప్పుడు దానికి ఆమె పెట్టిన పేరు అచ్చులో రాయదగినది కాదు.

ఆ ఏడు వేసవి చివర్లో ఆమె పెట్టె సర్దుకుంది.

“మా చెల్లెలి దగ్గరికి పోతున్నా,” అంది.

“ఎన్నాళ్లు?”

“నిద్ర తీరేదాకా.”

“అంటే?”

“పెళ్లైన దగ్గర్నుంచి లెక్కేసుకోండి.”

మేస్త్రి మనసులో లెక్క వేశాడు. అది అలకతో ముగిసే ప్రయాణం కాదని ఆ లెక్కే అతనికి చెప్పింది.

చెల్లెలి ఊరు కొండల అవతల. అదే దారిలో ఒక విశ్రాంతి గృహం యజమాని తన పాత సింహద్వారం చెమ్మకు ఉబ్బి మూసుకోవడం లేదని కొత్తది చేయించుకున్నాడు. దాన్ని చేర్చాల్సిన రోజు, ఆమె వెళ్లిపోవాల్సిన రోజు పక్కపక్కనే పడ్డాయి. ఆమె తమ్ముడికి సరుకులు మోసే వ్యాను ఉంది. అక్క వైపు మాట్లాడాల్సిన చోట బావ వైపు, బావ వైపు మాట్లాడాల్సిన చోట తిండి గురించి మాట్లాడే మనిషి అతను. తలుపు, దాని ద్వారబంధం, పెట్టె వెనక. ముగ్గురు మనుషులు ముందు. భార్య కిటికీ పక్కన కూర్చుంది. మధ్యలో కూర్చున్న మేస్త్రి మోకాళ్లు దగ్గరకు ముడుచుకుని, ఘాట్ రోడ్డు పొడుగునా, వెనక తలుపు ఎక్కడ తగులుతోందో చెవులు రిక్కించి వింటూ వచ్చాడు.

పొద్దు వాలే వేళకు కొండ పైన, రోడ్డు పక్కన ఒక పచ్చిక బయలు దగ్గర ఆగారు. ఫ్లాస్కులో టీ పోసుకున్నారు. భార్య కప్పు పట్టుకుని చుట్టూ చూసింది. కంటికి ఆనినంత దూరం గడ్డి, రాళ్లు, ఆకాశం.

“ఇక్కడ తలుపుల్లేవు,” అంది.

మేస్త్రికి అది ఎవరో తన పనిలో లోపం ఎత్తిచూపినట్లు వినిపించింది. “ఇక్కడెవరికి కావాలి?” అన్నాడు.

“అదే నేనూ అంటున్నా. ఈ రాత్రికి ఇక్కడే పడుకుందాం.”

“అక్కా, కింద ఊళ్లో లాడ్జి ఉంది. వేణ్ణీళ్లిస్తారు. భోజనం కూడా ఉంటుంది,” అన్నాడు తమ్ముడు.

“లాడ్జికి తలుపులుంటాయిరా. మీ బావ మన గదిదే కాదు, పక్క గదిది కూడా చూసొస్తాడు.”

“ఒక్కసారే చూశాను,” అన్నాడు మేస్త్రి. “అదీ వాళ్లు వేసుకోలేదు కాబట్టి.”

ఆమె టీ తాగడం ముగించి కప్పు విదిలించింది. “ఒక మాట చెప్తా వినండి. ఈ రాత్రి తెల్లారేదాకా లేవకుండా పడుకోండి. పడుకుంటే ఆ పెట్టె మళ్లీ మనింటికే వస్తుంది. లేచారా, మా చెల్లెలింటికి పోతుంది. ఇక అక్కడే ఉంటుంది.”

“మంచినీళ్లకి లేస్తే?”

“మంచినీళ్లకి లేచినవాడు బిందె దగ్గరికి పోతాడు. నాకు తేడా తెలుసు.”

మేస్త్రి చుట్టూ మరోసారి చూశాడు. ఈసారి ఆ శూన్యం అతనికి ముచ్చటగా తోచింది. తలుపు లేనిచోట గడియ ఉండదు, గడియ లేనిచోట అనుమానం ఉండదు. భార్య తెలివైనది గానీ ఈ ఒక్క పందెంలో తొందరపడిందని అతనికి అనిపించింది. సరేనన్నాడు. వ్యానులో సరుకుల మీద కప్పే టార్పాలిన్, చలికి తెచ్చిన బొంతలు ఉన్నాయి. రొట్టె, ఉడికించిన గుడ్లు ఉన్నాయి. కావలసినవన్నీ ఉన్నట్లే.

తమ్ముడు బొంతలు దింపుతుండగా మేస్త్రి వ్యాను వెనక్కి వెళ్లి, లోపలికి తొంగి చూసి, అలాగే నిలబడిపోయాడు.

“ఏమైంది బావా?”

“బండి వాలులో ఆగింది. తలుపు ఓ పక్కకి ఒరిగి ఉంది.”

“పొద్దుట్నుంచీ ఒరిగే ఉంది కదా.”

“పొద్దుట్నుంచీ బండి కదుల్తోంది. రాత్రంతా ఈ మంచులో కదలకుండా ఒరిగి ఉందంటే తెల్లారేసరికి మెలి తిరుగుతుంది. రేపు గడియ చచ్చినా పడదు.”

“అయితే ఏం చేద్దామంటావు?”

ఏం చేయాలో అతనికి ఒక్కటే తెలుసు. చేసిన తలుపు చదునుగా పడుకోవాలి, లేదా బందుల మీద నిలువుగా వేలాడాలి. చదునైన నేల అక్కడ తలుపంత లేదు. ద్వారబంధం పట్టేంత రాతి పలక ఒకటి మాత్రం గడ్డిలో ఉంది. ఇద్దరూ కలిసి ద్వారబంధాన్ని దాని మీద నిలబెట్టారు. మేస్త్రి రెండు వైపులా చెక్కలు ఏటవాలుగా ఆసరా పెట్టి, రాళ్లు ఎత్తి, దారానికి కట్టిన గుండు వేలాడదీసి, అది ఊగడం మానేదాకా ఊపిరి బిగబట్టి చూశాడు. తర్వాత తలుపు రెక్కను బందులకు తగిలించాడు. సగం తెరిచి వదిలాడు. కొండ గాలిలో కూడా అది సగంలోనే నిలిచింది. అతను నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. అంతటి ఖాళీలో అంత మంచి తలుపు. తన గోతిని కొలత ప్రకారం తానే తవ్వుకున్నాడన్న సంగతి అతనికి ఇంకా తట్టలేదు. భార్యకు తట్టింది. ఆమె చిన్నగా నవ్వుకుంది.

ఈలోగా తమ్ముడు తలుపు మూసి, దాని చాటున, గాలి తగలని వైపు టార్పాలిన్ పరిచాడు. భార్య వ్యాను వైపు నుంచి రొట్టె పట్టుకుని వచ్చి, తలుపు ముందు ఆగి, ఆటపట్టించడానికి తట్టింది.

“ఎవరూ?” అన్నాడు తమ్ముడు అటువైపు నుంచి.

“నేనేరా.”

“తోసుకుని రా అక్కా.”

ఆమె తోసింది. రాలేదు. లాగితే వచ్చింది. లాగి, గడప దాటి, అవతలకు వెళ్లి కూర్చుంది.

మేస్త్రి నొసలు చిట్లించాడు. “మీరు పక్కలు బయట వేశారు,” అన్నాడు.

“మొత్తం బయటే కదా బావా.”

“తలుపు లోపలికి తెరుచుకుంటుంది. మీ అక్క లాగింది. అంటే లోపల్నుంచి బయటికి వచ్చింది. గడియ ఎటుందో చూడు.”

తమ్ముడు లేచి చూశాడు. గడియ వ్యాను వైపు ఉంది. కాదనడానికి వీల్లేకపోయింది. “అయితే తలుపు ఇటు తిప్పెయ్,” అన్నాడు.

“గుండు కట్టి నిలబెట్టిందాన్ని నేను కదపను. ఇల్లు కదలదు. మనమే లోపలికి పోవాలి.”

గాలి తగలని చోటు నుంచి గాలి తగిలే చోటుకు, లోపల ఉండటం కోసం, ముగ్గురూ బొంతలు మోసుకుంటూ తలుపులోంచి వెళ్లారు. తమ్ముడు ఒక గుడ్డు మరిచిపోయి పక్కనుంచి తిరిగి వెళ్లబోతే మేస్త్రి అరిచాడు. “గోడలోంచి నడుస్తావేంట్రా?” తమ్ముడు వెనక్కి వచ్చి, తలుపు తెరిచి వెళ్లి, గుడ్డుతో తిరిగొచ్చి, తలుపు వేశాడు. వేసేటప్పుడు అతని ముఖంలో వెటకారం లేదు. మనిషి లొంగిపోవడానికి పట్టే వ్యవధి మనం అనుకునేదాని కన్నా చాలా తక్కువ.

భార్య రొట్టె తుంచుతూ ఆలోచించింది. “ఇటువైపు లోపలైతే, వ్యాను కూడా లోపలే.”

“లోపలే.”

“రోడ్డు?”

మేస్త్రి కాసేపు ఆలోచించి, “రోడ్డు కూడా,” అన్నాడు.

“అయితే రోడ్డు పోయే ఊళ్లన్నీ లోపలే. మనిల్లూ లోపలే, మా చెల్లెలిల్లూ లోపలే. నేను అక్కడికి పోయినా ఇంట్లో ఉన్నట్టే. ఇంక బాధ దేనికి?”

మేస్త్రి నోట్లో రొట్టె ఆగింది. తర్కంలో తప్పు ఎక్కడుందో అతనికి దొరకలేదు. తప్పు ఉండాలని మాత్రం గట్టిగా కోరుకున్నాడు.

చీకటి చిక్కబడుతుండగా తలుపు అవతల నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. అడుగులు తలుపు దగ్గర ఆగాయి. తర్వాత ఎవరో తట్టారు.

“ఎవరూ?”

“ఫారెస్టు గార్డుని. తలుపు తీయండి.”

మేస్త్రి లేవబోయి భార్య వైపు చూశాడు. “ఇంకా పడుకోలేదుగా, ఇది లెక్కలోకి రాదు. తీయండి,” అంది ఆమె.

గార్డు కాస్త వయసు మీరిన మనిషి. ఒక చేతిలో కర్ర, మరో చేతిలో టార్చిలైటు. బూట్లు గడ్డికి తుడుచుకుని, గడప దాటి లోపలికి వచ్చి, గాలి వస్తోందని తలుపు మూసి, అప్పుడు గానీ కోపం తెచ్చుకోలేదు.

“ఇక్కడ పడుకోకూడదు. చీకటి పడ్డాక కొండ మీద ఆరుబయట మనుషులు ఉండకూడదని రూలు.”

“మేం బయట లేం,” అన్నాడు మేస్త్రి. “మీరే ఇప్పటిదాకా బయట ఉన్నారు.”

గార్డు వెనక్కి తిరిగి తలుపును చూశాడు. టార్చి దాని చుట్టూ తిప్పాడు. “గోడలేవి?”

“గోడలు తాపీమేస్త్రి చూసుకోవాలి. నేను తలుపుల మేస్త్రిని.”

“పైకప్పు?”

“అదీ నాది కాదు.”

గార్డు నిజాయితీపరుడు. ఇలాంటి చోట వేరొకడైతే కసురుకుని పంపేసేవాడు. అతను కర్ర మీద గడ్డం ఆనించి, తనకు తెలిసిన రూళ్లన్నీ వరసగా తలచుకున్నాడు. “గుడారం వేయకూడదు. మంట పెట్టకూడదు. తలుపు గురించి ఏం లేదు,” అన్నాడు చివరకు, కొంచెం దిగులుగా. “పైగా కాపురమున్న ఇంట్లోంచి మనుషుల్ని లేపే అధికారం నాకు లేదు. లోపలికి రావాలన్నా మీరు తీస్తేనే రావాలి.”

“మేం తీశాం కదండీ,” అన్నాడు తమ్ముడు.

“అవును. అందుకే వచ్చాను.” తన మాట వల్ల తాను అతిథినైపోయానని గార్డుకు అప్పుడు అర్థమైంది. తమ్ముడు గుడ్డు ఇస్తే తీసుకుని కూర్చున్నాడు. తన పాకకు తలుపు లేదని, ఒక రేకు ఉందని, దాన్ని ఎత్తి పక్కన పెట్టి, లోపలికి పోయి, మళ్లీ ఎత్తి పెట్టుకోవాలని చెప్పాడు. “చేతులు ఖాళీగా ఉంటే గానీ ఇంట్లోకి పోలేను,” అన్నాడు. వెళ్లేముందు తలుపును ఊరికే తెరిచి మూశాడు. మళ్లీ తెరిచి మూశాడు. అది చప్పుడు చేయకుండా కదులుతుంటే అతని ముఖం మెత్తబడింది. మేస్త్రి అటు చూడనట్లు నటించాడు.

గడప దాటాక గార్డు వెనక్కి తిరిగి, మర్యాదకు ఒక మాట అన్నాడు. “గడియ వేసుకోండి. రాత్రి ఎలుగుబంట్లు తిరుగుతాయి.”

అతను మంచివాడు. మంచివాళ్లు చేసే హానికి ఇంత కన్నా పెద్ద ఉదాహరణ వెతకనక్కర్లేదు.

మేస్త్రి గడియ వేశాడు. వేసి, అక్కడే నిలబడిపోయాడు. ఇంట్లోనైతే ఆ చప్పుడు గోడలకు తగిలి తిరిగొస్తుంది. ఇక్కడ కొండ మీదుగా సాగిపోయింది, మరి తిరిగి రాలేదు. పడిందా?

“రండి,” అంది భార్య. “పడుకున్నాక లెక్క మొదలు.”

“బావా,” అన్నాడు తమ్ముడు బొంతలోంచి. “ఎలుగుబంటి పక్కనుంచి రాదా?”

“పక్కనుంచి వస్తే తాపీమేస్త్రిని అడుగు.”

తమ్ముడు ఆ జవాబుతో తృప్తిపడి గురక పెట్టసాగాడు. భార్య పెట్టెను తలకింద పెట్టుకుని పడుకుంది. మేస్త్రి ఆమెకూ తలుపుకూ మధ్య వెల్లకిలా పడుకుని నక్షత్రాలను చూశాడు. వాటి వల్ల అతనికి ఏ ఊరటా కలగలేదు. తలుపు చుట్టూ గోడలు లేవని అతనికి తెలుసు. గడియ పడినా పడకపోయినా ఒకటేనని తెలుసు. తెలిసినంత మాత్రాన ఏ భయమూ లేచి వెళ్లిపోదు. దానికి నిలబడడానికి గోడలు అక్కర్లేదు. తలుపుకు వీపు తిప్పి చూశాడు, మరీ ఘోరంగా ఉంది. అటు తిరిగితే తలుపు, ఇటు తిరిగితే పెట్టె. బొంత అంచు రెండు పిడికిళ్లతో పట్టుకుని, ఒడ్డున కట్టేసిన పడవలా అక్కడక్కడే కదిలాడు. లేవలేదు. పక్కన భార్య కళ్లు మూసుకుని ఉంది గానీ, ఆ ఊపిరి నిద్రపోతున్న మనిషిది కాదు. తాను లేస్తాడేమోనని కాపలా కాస్తోందనుకున్నాడు.

ఎంతసేపయిందో, చివరికి అతనికి ఒక కునుకు పట్టింది. అందులోంచి అతన్ని లేపింది అతనికి అన్నిటి కన్నా బాగా తెలిసిన చప్పుడు. ఎవరో గడియ తీస్తున్నారు.

ఎలుగుబంటి కాదు. దానికి వేళ్లు కుదరవు. గార్డు తడతాడు గానీ తీయడు. అంటే దొంగ. ఇన్నేళ్లుగా ప్రతి రాత్రీ మేస్త్రి ఎవరి కోసం లేచాడో ఆ మనిషి ఎట్టకేలకు వచ్చాడు. చుట్టూ కొండంత ఖాళీ ఉండగా, తలుపులోంచే వచ్చాడు. మేస్త్రి ఒళ్లంతా లేవడానికి సిద్ధమైంది. మోచేయి నేలకు ఆనింది. అక్కడ ఆగాడు. లేస్తే పెట్టె చెల్లెలింటికి పోతుంది. మోచేయి మళ్లీ మడిచి, కళ్లు గట్టిగా మూసుకుని, దొంగను రానిద్దామనుకున్నాడు. ఏం తీసుకుపోతాడో తీసుకుపోనీ. దీన్ని ధైర్యమని పిలవడం అతిశయోక్తి. అయినా అతను అంతకు ముందెన్నడూ అంత పని చేయలేదు.

గడియ మళ్లీ పడింది. ఇనుము ఇనుములోకి దిగిన చప్పుడు, స్పష్టంగా. వచ్చిన దొంగ తలుపు వేశాడు.

మేస్త్రి మెల్లగా చెయ్యి చాచి పక్కన తడిమాడు. పెట్టె తగిలింది. బొంత ఖాళీగా, చల్లగా ఉంది. గడ్డి మీద అడుగులు దగ్గరకు వచ్చాయి. బొంత పైకి లేచింది. మంచుముక్కల్లాంటి పాదాలు రెండు అతని కాళ్లకు ఆనాయి.

“ఏం లేదు,” అంది భార్య. “పడుకోండి.”

మేస్త్రి గొంతు తగ్గించి అడిగాడు. “నువ్వెందుకు లేచావు?”

“నిద్ర పట్టలేదు. మీరు ఇప్పుడు లేస్తారు, ఇప్పుడు చప్పుడవుతుంది అని చూస్తూ పడుకున్నా. ఎంతకీ కాదే.”

“కాకపోతే మంచిదేగా. దానికోసమే కదా ఇదంతా.”

“చప్పుడు కాందే ఎట్లా పడుకునేది?” అంది ఆమె, అది అతని తప్పే అన్నట్లు. దానికి అతను జవాబు వెతికేలోగా నిద్రపోయింది.

తెల్లారేదాకా మేస్త్రి మేలుకునే ఉన్నాడు, తలుపు కోసం కాదు. నిద్రలో ఆమె ఊపిరి సన్నగా ఈల వేసినట్లు వస్తుంది. ఇన్నేళ్ల కాపురంలో అతను దాన్ని వినడం అదే మొదలు. ఎప్పుడూ ముందు నిద్రపోయేది తానే గనుక, వినే అవకాశం రాలేదు.

పొద్దున్నే గార్డు కెటిల్‌తో టీ తెచ్చి తలుపు తట్టాడు. టీ తాగాక అందరూ కలిసి రెక్క విప్పి, ద్వారబంధం దింపి, వ్యానులోకి ఎక్కించారు. పెట్టె మాత్రం భార్య చేతిలోనే ఉంది.

“రాత్రి గడియ చప్పుడైంది,” అన్నాడు తమ్ముడు, స్టీరింగు ముందు కూర్చుని. “నేను విన్నా. ఇంకేముంది, అక్కని దింపే పనే.”

“మీ బావ లేవలేదు,” అంది ఆమె. “నేను లేచా.”

“నువ్వా? మరి పందెం?”

“పందెం ఆయనది. నేను లేవకూడదని ఎవరన్నా అన్నారా?” ఆమె పెట్టెను వెనక, తలుపు పక్కన పెట్టి వచ్చింది. “ముందు ఆ తలుపు ఇచ్చేద్దాం. తర్వాత ఇంటికి.” మేస్త్రి వైపు తిరగకుండానే అంది. “రాత్రికి ఒక్కసారే. ఎవరు లేవాలో పడుకోబోయే ముందు అనుకుందాం. నడిచేది ఎవరైనా, చప్పుడు మాత్రం గట్టిగా కావాలి.”

“అలాగే,” అన్నాడు మేస్త్రి. బేరం ఆడలేదు.

వ్యాను కదిలింది. పక్క అద్దంలో గార్డు ఖాళీ కెటిల్ ఊపుకుంటూ పచ్చిక మీద తిరిగి వెళ్తున్నాడు. రాతి పలక దగ్గరకు వచ్చి ఆగాడు. బూట్లు గడ్డికి తుడుచుకున్నాడు. కొంచెం తల వంచి, దాటి, అవతలకు వెళ్లిపోయాడు.

“మూయకుండా పోయాడు,” అన్నాడు మేస్త్రి.

తమ్ముడి కాలు బ్రేకు మీదికి వెళ్లింది.

“ఆపకు, పోనీ,” అంది భార్య. మేస్త్రి రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాడు. మలుపు తిరిగి కొండ కనుమరుగయ్యేదాకా అద్దంలోకి చూసింది ఆమే.